వడ్డించేవోడి మొకం

ఏటే ఇందూ, నిన్న తుఫాను షెల్టర్లో ఏం బొమ్మేసినారని అడుగుతున్నావా? ఒక్క రోజు ముందొచ్చుంటే నువ్వే సూసీదానివి. మన వీడియో ధనుంజయ మీద తీసినారమ్మీ. పాటలవీ ఉండవు, మనలాటోల్లు కూకోని మాటాడతారు, దాన్ని డాక్యుమెంటరీ అంటారట. విశాఖపట్నం నుంచి ఒకావిడ వచ్చి తీసింది. "ధనుంజయ గారు ఈ తీరాన మొట్టమొదటి వీడియో కళాకారుడు" అంటాది. గారూ అట, కళాకారుడూ అట. ఉంటే ఇనీవోడు పాపం, కిడ్నీలు పోయి ఎల్లిపోయి ఎన్నేళ్లయిపోనాదో. మనం "ఓరి వీడియో" అనే పిలిసీవోల్లం. సగం ఒడియా, సగం తెలుగు ఆడిది. కెమేరాని అరిటిగెల మోసినట్టు బుజం మీద మోసుకొచ్చీవోడు. జలంత్రకోట పెళ్లిళ్లలో పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ టీవీలో జీడిపండు మద్దిన ఎట్టి గిర్రున తిప్పినాడు. ఆలకి నచ్చిందని మన డొంకూరొచ్చి సేపలో ఎట్టినాడు. మీ తాత ఆడి మీదకి లగెత్తినాడు, "నా కూతుర్ని సేప కడుపులో ఎట్టీసినావేట్రా" అని. నవ్వకు, మీ పిన్ని పెళ్లే అది.

ఏటి సెప్తన్నాను? ఆ, వడ్డనలు. ఆడికదో పిచ్చి. బోజనాల కాడ తినీవోల్లని ఒగ్గీసి, బకెట్లు అట్టుకున్నోల్లని తీసీవోడు. "పెళ్లికొడుకుని తియ్యరా" అని నాను కసిరితే, "ఆ మొకం అందరూ తీత్తారత్తా, వడ్డించేవోడి మొకం ఎవుడు తీత్తాడు" అన్నాడు. అలగ మీ పిన్ని పెళ్లిలో నా తోడికోడలు తవిటమ్మ కొడుకు పోతురాజుని తీసినాడు, సాంబారు బకెట్టుతో. తరవాత ఆ గుంటడు సేపల ఏటకెల్లినాడు. తెప్ప ఒడ్డుకొచ్చింది, ఆడు రానేదు. ఇంట్లో ఆడిది ఒక్క ఫొటో నేదమ్మీ. ఆ ఏడే ఆడి సెల్లి రాణి పెళ్లి. "నా కొడుకు నేని పెళ్లికి కేసెట్టేటి" అంది తవిటమ్మక్క. ధనుంజయ ఇన్నాడా, తీసినాడు. కేసెట్టు తెచ్చి టీవీలో ఏసినాడు. రాణి ఆకు ముందు కూకోని, తలెత్తి సూసి నవ్వింది. ఆ ఎనకాలే పోతురాజు, వొంగి వడ్డిత్తన్నాడు. "ఇంకొంచెం ఎయ్యమంటావా" అంటన్నాడు. మీ పిన్ని పెళ్లిలో ముక్క తీసి ఇందులో అతికీసినాడు. అక్క ఏడుత్తాదనుకున్నాం, ఏడవనేదు. ఆ రోజు కాణ్ణుంచి ఎవులొచ్చినా "సెల్లి పెళ్లికి మా పోతురాజే వడ్డన సేసినాడు" అంటాది. మేం ఊ అంటాం, ఊరంతా ఊ అంటాది. మతి తప్పిందేమో అని బయమే, గాని కాదని ఏ నోటితో అంటాం?

నిన్న కూడా మా బెంగల్లా అదే. అందరికంటే ముందు సాప మీద అక్కే కూకుంది. సరిగ్గా ఆ ముక్క వచ్చింది, రాణీ, పోతురాజూ. అదయ్యీసరికి ధనుంజయ పెళ్లాం ప్రమోదిని తెర మీదకొచ్చి, మొగుడి గొప్ప సెప్పుకోవాల కదా, "ఆ పెళ్లినాటికి ఆ అబ్బాయి సచ్చిపోయున్నాడు, మా ఆయనే కలిపినారు" అని సెప్పీసింది. అంతమంది ముందర. మా మొకాలు సూసి ఆ విశాఖపట్నం ఆవిడ బొమ్మ ఆపీసి, అక్క కాడ కూలబడి "అమ్మా, తప్పయిపోయింది, మీకు తెలీదని నాకు తెలీదు" అంది. అక్క కొంగు సర్దుకుంది. "సచ్చిపోనాడని నాకు తెలీదేటమ్మా, కన్నదాన్ని" అంది. "సెల్లి పెళ్లికొచ్చినాడని సెప్తన్నాను గాని, బతికున్నాడని ఎవులికైనా సెప్పినానా? ధనుంజయ తీసుకొచ్చినాడు, ఆడొచ్చినాడు. ఆ ముక్క మళ్లీ ఎయ్యి." ఏసింది. పోతురాజు వొంగి "ఇంకొంచెం ఎయ్యమంటావా" అన్నాడు. "ఎయ్యి నాయినా" అంది అక్క.

...లెగు. కోళ్లు గూట్లోకి ఎల్లినాయో నేదో సూసిరా.