కాగితం మీద పదహారున్నర

(ఏలూరు పవర్‌పేటలో జ్ఞానయ్య చెప్పుల కొట్టు. రిపబ్లిక్ డేకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం. ఇంటర్ చదివే పెర్సిస్, ఆమె తల్లి రాజకుమారి, డెబ్బై దాటిన జ్ఞానయ్య.)

“ఊపిరి బిగబట్టవే పెర్సిస్.”

“ఊపిరి బిగబడితే పొట్ట లోపలికెళ్తుందమ్మా. పిక్కలెక్కడికెళ్తాయి?”

“అమ్మాయ్, జిప్పు వదులు. ఇంకోసారి లాగావంటే పళ్ళూడి నా చేతిలోకొస్తాయి. ఎంతవరకొచ్చిందో చూడనీ... ఊఁ. చీలమండ దాటి నాలుగు వేళ్ళు. అక్కడితో సరి.”

“నిన్న ఇంకో రెండంగుళాలు పైకొచ్చింది తాతగారూ.”

“నిన్నెలా వచ్చింది?”

“మా నాన్న, నేను, పక్కింటి ఆంటీ, ముగ్గురం కలిసి లాగాం.”

“చూశారాండీ జ్ఞానయ్య గారూ, ఇదీ మా ఇంట్లో వరస. మనకొద్దే ఈ బ్యాండు గోల అంటే వినదు.”

“నా పేరు మీకెలా తెలుసమ్మా?”

“బోర్డు మీద చూశాలెండి.”

“బోర్డు తుఫానుకి ఎగిరిపోయి మూడేళ్ళయింది.”

“ఎవరో చెప్పారు మరి. రోడ్డు మీద. వీళ్ళనీ వాళ్ళనీ అడుక్కుంటూ వచ్చాం కదా.”

“ఎవర్నీ అడగలేదు తాతగారూ. బస్సు దిగి తిన్నగా వచ్చేసింది. అమ్మా, ఆ మాస్కు తీసి మాట్లాడు, ఆయనకి సగం వినపడట్లేదు. లోపలికి రా.”

“నాకు దుమ్ము పడదు. ఇక్కడ మెట్టు మీదే బాగుంది. నువ్వు కానియ్.”

“సర్లెండి. ఏవమ్మాయ్, నువ్వు మొదట్నించీ చెప్పు. ఈ బూట్లు ఎందుకు, ఎప్పటికి?”

“మా కాలేజీ బ్యాండుకి ఈసారి నేను లీడర్ని తాతగారూ. ఎల్లుండి పెరేడ్ గ్రౌండులో కలెక్టరు గారి ముందు కర్ర తిప్పుకుంటూ అందరికన్నా ముందు నడవాలి. నాలుగు నెలలు ప్రాక్టీసు చేశాను. కర్ర పైకెగరేసి, చూడకుండా పట్టుకుంటాను. చూపించనా?”

“వద్దు తల్లీ, పైన ఫ్యానుంది.”

“లీడరు ఈ తెల్ల లాంగ్ బూట్లే వేసుకోవాలి. కాలేజీకి ఉన్నది ఈ ఒక్క జతే. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఫుల్ డ్రెస్ రిహార్సల్. జిప్పు మోకాలి దాకా పడకపోతే కర్ర స్పందన చేతికిచ్చేస్తామన్నారు చాముండేశ్వరి మేడం.”

“ఈ స్పందన కాళ్ళెలా ఉంటాయి?”

“అగరొత్తుల్లా ఉంటాయండీ. కర్ర మాత్రం రోజుకి నాలుగుసార్లు కింద పడేస్తుంది.”

“అదే నేనూ చెప్తున్నా. ఆ పిల్లకి ఇచ్చేయవే. జ్వరమని నేను చీటీ రాసిస్తా. మేడం కూడా ఏమనుకోరు. రెండు రోజులు పడుకుంటే అన్నీ సర్దుకుంటాయి.”

“నాకు జ్వరమేంటమ్మా! నిక్షేపంలా ఉన్నాను.”

“నిక్షేపంలా ఉన్నవాళ్ళకి జ్వరాలు రావా?”

“వచ్చాక రాద్దువు గాని చీటీ. తాతగారూ, పిక్కలు తగ్గించడానికి నేను చెయ్యనిది లేదు. మూడు వారాలు అన్నం మానేశాను.”

“తగ్గాయా?”

“బుగ్గలు తగ్గాయి. ఆముదం రాసి గుడ్డ చుట్టుకున్నాను, చీమలు పట్టాయి. ప్లాస్టిక్ కవరు చుట్టుకున్నాను, దురద. తర్వాత యూట్యూబులో ఒకావిడ మునివేళ్ళ మీద లేచి దిగమంది, రోజుకి మూడొందల సార్లు, ఇరవై ఒక్క రోజులు.”

“చేశావా?”

“ఒక్కరోజు మానలేదు. పదహారున్నర అంగుళాలున్న పిక్క పదిహేడయింది.”

“అవుద్ది మరి! అది పిక్కలు పెంచే కసరత్తు కదమ్మాయ్!”

“తణుకులో ఎముకల డాక్టరు గారు కూడా అదే అన్నారు. ఇది కొవ్వు కాదు, కండ, పుట్టుకతో వచ్చింది, కుర్రాళ్ళు జిమ్ముల్లో డబ్బులు పోసి తెచ్చుకుంటారు, నీకు ఊరికే వచ్చింది, సంతోషించు అన్నారు. నవ్వారు కూడా.”

“నవ్వరా మరి! నవ్వుతారు. అందరూ నవ్వుతారు. అందుకే వద్దన్నాను.”

“ఆయన మంచిగానే నవ్వారమ్మా.”

“నవ్వుల్లో మంచివేంటే?”

“ఇంకో జత కొనే ప్రయత్నం చెయ్యలేదా?”

“బెజవాడలో నాలుగు షాపులు తిరిగాం తాతగారూ. పిక్కకి పట్టిన బూటులో నా పాదం అటూ ఇటూ షికారు చేస్తోంది. ఆఖరికి మా నాన్న కైకలూరు వెళ్ళి, చేపల చెరువుల మీద పనిచేసే వాళ్ళ దగ్గర గంబూట్లు పట్టుకొచ్చాడు. అవి పట్టాయండీ! తెల్ల పెయింటు కూడా వేశాడు, రెండు కోట్లు.”

“మరింకేం?”

“అడుగేస్తే బొళక్, బొళక్ అని శబ్దం. వెనకాల డ్రమ్ములు కొట్టే పిల్లలు నా బూట్ల తాళానికే కొట్టడం మొదలెట్టారు. ట్రంపెట్లు ఒక దారి, డ్రమ్ములు ఒక దారి. గ్రౌండు సగానికొచ్చేసరికి పెయింటు పెచ్చులూడింది. ఎండకి వాసనొకటి. రెండు కుక్కలు కూడా పెరేడ్ చేశాయి నా వెనకాల.”

“మీ నాన్నకి ఏ పని చెప్పినా అంతే. అసలు ఈ కాళ్ళు ఎక్కడివి? మీ నాన్న వైపువే. నల్లజర్ల మనుషులండీ వాళ్ళు. బస్సుల్లేని రోజుల్లో మెరక మీద నుంచి గూడెం సంతకి నెత్తిన బుట్టతో నడిచొచ్చేవారు. ఆ నడకంతా పిక్కల్లో చేరి ఈ పిల్లకొచ్చింది. మా కొల్లేటి వాళ్ళవి కొంగకాళ్ళు.”

“కొల్లేరా అమ్మా మీది?”

“అంటే... పుట్టిల్లు. ఇప్పుడు గూడెమేనండీ.”

“కొల్లేటి వాళ్ళకి కొంగకాళ్ళెక్కడివమ్మా? బురదలో కాళ్ళు తన్నిపెట్టి గడేసి దోనె తోస్తారు. యాభై ఏళ్ళుగా కుడుతున్నా, ఒక్క సన్న పిక్క చూళ్ళేదు.”

“మావాళ్ళు దోనెలు తోయలేదండీ. మేం ఒడ్డునే.”

“అమ్మమ్మ తోసేదిగా! లంకలోంచి చేపల తట్టలు తనే తెచ్చేదన్నావు.”

“ఎప్పుడో ఓసారి తోసుంటుంది. ఒక్కసారికే పిక్కలొచ్చేస్తాయా?”

“సరే, ఎవరి వైపువైతేనేం, కాలు ఈ పీట మీద పెట్టు. కొలుద్దాం. టేపు ఈ చివర పట్టుకో... అమ్మాయ్, లాగకు.”

“లాగట్లేదండీ.”

“గోళ్ళు తెల్లబడ్డాయి, లాగట్లేదంటావు! వదులు. దాన్ని నిజం చెప్పనీ. ఆఁ... పదిహేడు. ఇలాగే టేపు బిగించి పట్టుకున్న పిల్లని ఇంకోదాన్ని చూశాను, చాలా ఏళ్ళయింది. అమ్మా, మీరెక్కడికి?”

“బస్సు టైమవుతోందేమోనని.”

“గంటకి నాలుగు బస్సులున్నాయి కదమ్మా! తాతగారూ, అవుతుందా అవ్వదా?”

“అవుతుంది. వెనక కుట్టు విప్పి, పొడుగ్గా ఒక తోలు ముక్క వేసి కుడితే జిప్పు హాయిగా పడుద్ది. కానీ రేపటికంటే కష్టం. ఈ మందాన తెల్ల తోలు ఇక్కడ దొరకదు, బెజవాడ నించి రావాలి. నాలుగు రోజులు.”

“నాలుగు రోజులా? ఎల్లుండే పెరేడండీ!”

“విన్నావుగా. ఆయనే చెప్పారు. పద, ఆటో ఎక్కుదాం. ఏడవకు. ఏడుస్తున్నావా?”

“లేదు.”

“పెర్సిస్... ఏడవకమ్మా. కర్ర ఒకటే కదే. వచ్చే ఏడాది...”

“వచ్చే ఏడాది నేనిక్కడ ఉండనమ్మా! ఇంటరయిపోతుంది. నాకొక్కసారి ముందు నడవాలనుంది. వెనక వరసలో లావు కాళ్ళు ఎవరికీ కనపడవని ఏడో క్లాసు నించీ వెనకే నిలబడ్డాను. ఒక్కసారి.”

“ఆగండాగండి. ఆ బూటు ఇటియ్యి. లోపల చూడనీ... ఓర్నీ! లోపల నా గుర్తుంది. ఈ బూట్లు నేనెరుగుదును.”

“ఇవి చాలా పాతవి తాతగారూ. మేడం చదువుకున్నప్పట్నించీ ఉన్నాయంట.”

“ముప్పై ఏళ్ళ కిందట వీటికి మడమలు మార్చాను. అప్పుడే మీ కాలేజీ నించి ఒక పిల్ల వచ్చింది, అచ్చం నీలాగే. ఇవే బూట్లు, ఇదే గోల. కొలత తీసుకుని ముక్కలు కోసి ఉంచాను, కుడదామంటే పిల్ల రాలేదు. బూట్లు కాలేజీ వాళ్ళు పట్టుకుపోయారు. ముక్కలుండాలే... అమ్మా, మీ పక్కన గుమ్మం వారనున్న ఆ రేకు పెట్టె కొంచెం ఇటు జరపండి.”

“ముప్పై ఏళ్ళ తోలు పాడైపోయుంటుందండీ. ఎలకలు కొట్టేసుంటాయి.”

“జరుపమ్మా! తెరువు!”

“నేను ఎవరి కాళ్ళ కొలతా పారెయ్యను. పాదం చుట్టూ గీసిన కాగితం, దానికి కోసిన తోలు, రెండూ కలిపి కట్టి ఉంచుతాను. మొహాలు నాకు గుర్తుండవు. కాళ్ళు గుర్తుంటాయి... ఇదిగో! పేపరు ముక్క. కొవ్వొత్తి మైనం రాసి ఉంచాను, తోలు మెత్తగానే ఉంది చూడు.”

“తెల్లగానే ఉందండీ! పేరేం రాశారు?”

“పేరున్న చోట చెదలు తినేశాయి. కొలత మాత్రం ఉంది. పదహారున్నర.”

“పదహారున్నరా... నాది పదిహేడండీ. అయితే అర అంగుళం తక్కువ.”

“కాగితం సంగతి వదిలెయ్. ముక్క వెడల్పు కొలిచి బూటు చుట్టుకొలతకి కలుపు... ఎంతకి కోశాను?”

“పదిహేడుకి! అదేంటి, రాసిందొకటీ కోసిందొకటీ?”

“చెప్పానుగా, ఆ పిల్ల టేపు బిగించి పట్టుకుందని. చూశాను, ఏమీ అనలేదు. పిల్ల మాట కాగితం మీద రాశాను, కాలి కొలత తోలు మీద కోశాను.”

“తాతగారూ, అంటే ఇవి నాకు సరిపోతాయి!”

“సాయంత్రం ఆరింటికి రా. జిప్పు ఒంటి చేత్తో లాక్కుంటావు.”

“అమ్మా! విన్నావా! ఆ అమ్మాయెవరో గానీ ఆవిడకి దేవుడు మేలు చెయ్యాలి. ఆవిడ రాకపోబట్టే కదా ఇవి నాకు దక్కాయి. ఎందుకు రాలేదండీ?”

“జ్వరమన్నారు వాళ్ళ టీచరు.”

“జ్వరమా?”

“చీటీ కూడా పంపిందంట. నేను మాత్రం రిపబ్లిక్ డే నాడు గ్రౌండుకెళ్ళాను, ఒకవేళ తగ్గి వచ్చిందేమోనని. ముందు ఎవరో సన్న కాళ్ళ పిల్ల నడిచింది. బాగానే నడిచిందిలే. నాకే మనసొప్పలేదు, సగంలో వచ్చేశాను.”

“మీరు గ్రౌండుకి వచ్చారా?”

“వచ్చానమ్మా. ఏం?”

“ఏం లేదు... డ్రమ్ములు హాస్టల్ దాకా వినపడ్డాయి. కిటికీ తలుపులు మూశాను, దుప్పటి కప్పుకున్నాను, అయినా వినపడ్డాయి.”

“అమ్మా. నువ్వేం మాట్లాడుతున్నావు?”

“అతుకేసిన బూట్లని నవ్వుతారనుకున్నాను. పిక్కల రాణి అని అప్పటికే పేరు పెట్టారు. అందుకని నేనే జ్వరమని రాసి, కర్ర పక్క పిల్లకిచ్చేశాను. ముప్పై ఏళ్ళు, ఎక్కడ డ్రమ్ము మోగినా తలుపులు మూస్తూనే ఉన్నానే. నీకు అలా కాకూడదని... నిన్నూ ఆపబోయాను. నాకు బుద్ధి లేదు.”

“మరి కొంగకాళ్ళన్నావు! నాన్నని ఇన్నేళ్ళు తిట్టావు! నాన్నమ్మని కూడా!”

“ఇంటికెళ్ళాక చెప్పుకుంటాలే వాళ్ళకి.”

“మాస్కు తియ్యమ్మా. చెప్పులు విప్పి లోపలికి రా. ఆ పీట మీద కాలు పెట్టు... ఊఁ. ఇందాక మెట్టు మీద నిలబడ్డప్పుడే మడమ చూసి అనుమానపడ్డాను. ముప్పై ఏళ్ళయినా నా చూపు తప్పలేదు. అప్పట్లో పదిహేడే కదూ?”

“తప్పిందండీ జ్ఞానయ్య గారూ. పదిహేడున్నర. మీరు చూడని రెండో చేత్తో కూడా లాగి పట్టుకున్నాను.”