ఎడమకే లాగే విమానం

పెట్టెల్లో వచ్చిన ముక్కలన్నీ ఇంటి వెనక షెడ్డులో ఒక్కొక్కటే బిగించి, పళ్ళ డాక్టరుగారు రెండు సీట్ల విమానం తయారుచేశారు. అది మాత్రం ఆయన రోజూ కోసే కోతల్లాంటిది కాదు, వీధి వీధంతా చూసింది. గొడవల్లా నేల మీదే. మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కసారి తిన్నగా నడిపి చూపిస్తే గానీ గాల్లోకి వదిలేది లేదని ఎగరడం నేర్పే మాస్టారు భీష్మించుకున్నాడు.

ఆ పొద్దున కూడా అది దారి తప్పి గడ్డిలోకే దిగింది. మాస్టారు మైదానం పక్క టీ కొట్టుకేసి నడిచాడు. ఆయన నోట "ఇక కట్టిపెట్టండి" అన్న మాట రాకముందే అడ్డుకోవాలని డాక్టరుగారు వెనకాలే వెళ్ళి, అందరికీ టీ చెప్పి, అందుకున్నారు. బెంచీ మీద మంగలి, బస్సు డ్రైవరు ఉన్నారు. ఓ పక్కగా డాక్టరుగారి భార్య.

"లోపం నాలో లేదు మాస్టారూ. కిట్టు అమ్మినవాళ్ళు ఎగరడం సంగతి చూశారు గానీ నడక సంగతి మరిచారు. ఎడమకే లాగుతుంది. ఇంకొకడైతే కంచెలో పడేవాడు, నేను గనక గడ్డిలో ఆపాను."

ఇవాళ్టిది ఓ లెక్కా, మొన్న గేటు దాటి రోడ్డెక్కేసిందట. ఎర్ర లైటు దగ్గర ఆగిందట కూడా, మర్యాద తెలిసిన విమానం. పోలీసు హారన్ లేదేమని నిలదీస్తే ఈయనే నోటితో కొట్టి చూపించారట. కూరల బజారులో ఒకావిడ రెక్కకి సంచి తగిలించి, మా ఇంటి దగ్గర దింపెయ్యి నాయనా అందట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎడమకి, ఎడమకి, ఎడమకి. భూమి గుండ్రమే కదా, చుట్టూ తిరిగి సాయంత్రానికి ఈ గేటులోకే వచ్చి నిలబడింది. నేల మీంచి అంగుళం లేస్తే ఒట్టు."

"మధ్యలో సముద్రం రాలేదా అండీ?" అన్నాడు మంగలి.

"నీళ్ళు వెనక్కి పోయే ఆటు సమయం చూసుకునే దిగాను."

మాస్టారు నవ్వలేదు. కట్టిపెట్టమన్న ఆ మాట ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా ఉంది. డాక్టరుగారు కథలోకి సొరచేపల్ని దింపుదామా అని ఆలోచిస్తుండగా భార్య గ్లాసు కింద పెట్టింది.

"నిన్న మీరు క్లినిక్‌లో ఉండగా మబ్బు పట్టిందండీ. తడుస్తుందని నేనే దాన్ని మైదానం ఆ చివర నుంచి ఇక్కడి షెడ్డులోకి నడుపుకొచ్చాను. తిన్నగానే వచ్చింది."

మాస్టారు ఇటు తిరిగాడు. "ఎడమకి లాగలేదా అమ్మా?"

"లేదండీ. నేను చెప్పులు విప్పి ఎక్కాను. ఈయనకి ఆ బూట్లు రెండు సైజులు పెద్దవి. వద్దంటే వినరు, పైలట్లు ఇవే వేస్తారంటారు. ఎడమ బూటు ముక్కు ఎప్పుడూ ఎడమ చక్రం బ్రేకు మీదే ఉంటుంది."

అందరూ బెంచీ కిందకి వంగి చూశారు. డాక్టరుగారు కాళ్ళు లోపలికి లాక్కున్నారు గానీ అంతంత బూట్లు ఎక్కడ దాగుతాయి?

మాస్టారు టీ పూర్తిచేసి లేచాడు. "రేపు ఇద్దరూ రండి, ఒట్టి కాళ్ళతో. ముందు అమ్మగారు."

డాక్టరుగారికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. 'ముందు' ఎవరన్నది తర్వాత చూసుకోవచ్చు. వంగి బూటు లేసులు విప్పుతూనే తల పైకెత్తారు.

"ఒట్టి కాళ్ళంటే గుర్తొచ్చింది మాస్టారూ. ఓసారి కొండ దిగుతున్న బస్సుకి బ్రేకులు పోతే..."

బస్సు డ్రైవరు ఇంకో టీ చెప్పాడు.