గాలి బరువు

ఆ ఆదివారం సరస్సు ఒడ్డున ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ముగ్గురు: ప్రొఫెసర్ గున్‌వోర్, ఆవిడ దగ్గర పరిశోధన చేసే సిక్స్‌టెన్, బూట్లు గుమ్మం బయట విప్పి సాక్సులతో నిలబడ్డ త్యూరా.

“కూర్చోవే త్యూరా. బన్ను తిను. రేపు మన యూనివర్సిటీ ఆచారం ప్రకారం నీ థీసిస్‌ని అందరూ చూసేలా గోడకి పెట్టి మేకు కొట్టాలి, చేతుల్లో బలం ఉండొద్దూ?”

“వద్దు గున్‌వోర్ గారూ. రేపు... రేపు కొట్టను. ఆపించండి.”

“ఏమంటోంది సిక్స్‌టెన్ ఈ పిల్ల?”

“భయమండీ. మేకు దిగాక ఒక్క అక్షరం మార్చడానికుండదు కదా. ముందురోజు అందరికీ ఉండేదే.”

“భయం కాదు సిక్స్‌టెన్. నా పొడి... నా పొడి థీసిస్‌లో రాసినంత హైడ్రోజన్ పట్టదు.”

“ప్రపంచంలో ఏ పొడీ పట్టనంత పడుతుందని సైన్సు పత్రికలో వేశాం కదే! లోహంతో ముడులేసి నువ్వే అల్లిన తేనెపట్టు, లోపలంతా గదులే గదులు...”

“గదులున్నాయండీ. తూకమే తప్పు. ఖాళీ గాజుగొట్టం తూచినప్పుడు లోపల గాలుంది. పొడి పోసి, వేడిచేసి, గాలంతా లాగేశాక మళ్లీ తూచాను. పోయిన గాలి బరువు పొడి లెక్కలోంచి పోయింది.”

“గాలి బరువెంతే, వెర్రిదానా?”

“నా పొడి చిటికెడే కదండీ. సగం బరువు ఎగిరిపోయింది. అందుకే గ్రాముకి రెట్టింపు వచ్చింది. నిన్న సరిగ్గా తూచి చూశాను. సిక్స్‌టెన్ పొడి కంటే కూడా తక్కువే.”

“విన్నావా సిక్స్‌టెన్? మన పొడి కొంటానన్న ఆ హైడ్రోజన్ ట్యాంకుల కంపెనీకి ఇక నీ పొడే గతి. పళ్లెంలో పెట్టి తెచ్చింది.”

“నవ్వకండి. మనమే అందరికీ చెప్పేద్దాం. ఆరునెలలివ్వండి, మళ్లీ రాసుకుంటాను.”

“మనమా? ఇన్నాళ్లూ గురువమ్మ ఏం చేస్తోందని నన్నడగరూ?”

“అడిగితే తప్పు నాదేనంటాను.”

“ఎంత మంచిదానివే! తూచిందెవరు?”

“నేనే.”

“అలా తూచమని నేను చెప్పానా?”

“లేదు. మొదటి వారం సిక్స్‌టెన్ నేర్పాడు. ఖాళీ గొట్టాన్ని గాలి లాగకుండానే తూస్తే చాలన్నావు కదా? చెప్పవేం సిక్స్‌టెన్?”

“నేనా? నాకు గుర్తులేదే. నేనెప్పుడూ ఖాళీ గొట్టంలో గాలి లాగేసే తూస్తాను.”

“సిక్స్‌టెన్!”

“ఏడవకే త్యూరా, తివాచీ తడుస్తుంది. సిక్స్‌టెన్, గుమ్మం దాకా దింపిరా. నాకు తల నొప్పిగా ఉంది.”

“పద త్యూరా. అయ్యో, నీ బూట్లనిండా వాన నీళ్లే.”

“పోనీ. సిక్స్‌టెన్, ఇప్పుడు ఆవిడ లేదు, నిజం చెప్పు. థీసిస్ మీద నన్ను ప్రశ్నలడగడానికి ఓస్లో నుంచి వచ్చే ఆ పరీక్షకుడికి ఇవాళే రాస్తాను. నువ్వు నా పక్కన నిలబడతావా?”

“రాయక్కర్లేదు. ఆయనకి తెలుసు.”

“ఏం తెలుసు?”

“నిన్న నువ్వు మళ్లీ తూస్తుంటే నేను తలుపు సందులోంచి చూసి ఆవిడకి చెప్పాను. పొద్దున్నే ఆవిడ ఆయనకి రాసింది.”

“ఏమని? తప్పు జరిగిందనా?”

“శిష్యురాలు కావాలనే తూకం మార్చిందని, తనే పట్టుకున్నానని. రేపు నువ్వు మేకు కొడితే దొంగవి, కొట్టకపోతే పారిపోయినదానివి. వేళ్లు తియ్యి త్యూరా, తలుపు వేస్తున్నా.”