పళ్ళు అరగని పేట

ఇంకా పెద్దగా తెరవండి. ఇంకా. ఏం, తెరుచుకోదా? నిన్న రాత్రి నా మీద గొంతు చించుకున్నప్పుడు ఇంతకు రెండింతలు తెరుచుకుంది కదండీ! కొండనాలుక దాకా కనిపించింది నాకు.

ఆఁ, అలా. కదలకండి. సెలవు రోజు, నర్సు కూడా రాలేదు, ఈ ఉమ్ము పీల్చే గొట్టం కూడా నేనే పట్టుకోవాలి. పెళ్ళాం పళ్ళ డాక్టరైతే మొగుడికి వైద్యం ఊరికే అవుతుందనుకుంటారు జనం. ఊరికే ఎందుకవుతుంది? వినాలి. అదే ఫీజు.

కాస్త చురుక్కుమంటుంది... అయిపోయింది. అబ్బో, ఆ గింజుకోవడం! మీకంటే చిన్నపిల్లలు నయం. ముందు ఏడుస్తారు గానీ తర్వాత బుద్ధిగా కూర్చుంటారు.

ఇంతకీ ఈ సిమెంటు ఎలా ఊడిందో నేను చెప్పనా? నిన్న సాయంత్రం ఆ కొండవైపు కాలనీ ఇంకోసారి చూసొస్తానని వెళ్ళారు. వస్తుంటే రైల్వే గేటు దగ్గర కారు ఆగింది. ఆగి ఆగి విసుగొచ్చి పెన్ను మూత నోట్లో పెట్టుకున్నారు. దాన్ని కొరికి కొరికి, నేను పోయినేడాది అంత శ్రద్ధగా పెట్టిన సిమెంటు ఊడగొట్టుకున్నారు. 'ఆ దారిలో ట్రాఫిక్కే ఉండదు, హాయిగా వచ్చేయొచ్చు' అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారే, ఆ దారిలోనే! ఇంతకంటే సాక్ష్యం కావాలా?

ఊఁ ఊఁ అనకండి. పెదవి మొద్దుబారిందా? ఇక్కడ గుచ్చితే తెలుస్తోందా? లేదా? చాలా మంచిది. ఇప్పుడు మాట్లాడుకుందాం.

సాయంత్రం బ్రోకరు ఫోను చేస్తాడు. ఏ ఇల్లో ఇవాళ చెప్పకపోతే రెండూ చెయ్యి జారిపోతాయన్నాడు. ఇల్లు మారొద్దని నేనెప్పుడైనా అన్నానా? పైన ఉన్నవి రెండు గదులు. అందులో మీరూ నేనూ, ఇద్దరు ఆడపిల్లలూ, మీ అమ్మగారూ. ఒకళ్ళు మంచం దిగితే గానీ ఇంకొకళ్ళు కిటికీ తియ్యలేం. కింద ఈ క్లినిక్కు కాబట్టి పైన పిల్లలు గెంతినా కష్టమే, నా చెయ్యి వణుకుతుంది, పేషెంటు గుండె జారుతుంది.

అందుకే కదా కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగాం. పిల్లలు ఆడుకోడానికి చోటుండాలి, బడి నడిచేంత దూరంలో ఉండాలి, సిటీకి రావడం పోవడం ప్రాణం మీదకి రాకూడదు. అన్నీ అనుకున్నాం. తిరిగి తిరిగి చివరికి మిగిలినవి రెండు. మీ కొండవైపు కాలనీ ఒకటి, నా వంతెన అవతలి పేట ఒకటి.

మీది ఎలా తేల్చారండీ? 'నీ కోసమే, ఆ ఇంటి నుంచి నీ క్లినిక్కు దాకా కారులో వచ్చి చూశాను, అరగంటే' అన్నారు. ఎప్పుడు చూశారు? ఆదివారం తెల్లవారుజామున! కాకులు కూడా లేవని వేళ. ఆ టైములో అయితే ఎంత దూరమైనా అరగంటే! సోమవారం వెళ్ళి చూడండి మహానుభావా అంటే ఏమన్నారు? 'సోమవారం ఆఫీసుంది కదా' అన్నారు. అదే కదండీ నేను చెప్పేది!

తల ఊపకండి, లోపల సూదిగా ఉన్నవి చాలా ఉన్నాయి.

మీ అమ్మగారి పద్ధతి ఇంకా అందం. ఆవిడ ఇంట్లోకే రారు. వీధి మధ్యలో నిలబడి మెడ పైకెత్తి బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చూస్తారు. చిన్న గౌన్లు, యూనిఫారాలు, జేబురుమాలంత నిక్కర్లు ఆరుతుంటే 'ఇది సంసారులుండే చోటమ్మా' అంటారు. కొండవైపు అన్ని బాల్కనీల్లోనూ బుల్లి బట్టలేనట. ఆవిడ ఓటు అలా మీకు పడిపోయింది. సైకిలు తొక్కుకోడానికి వీధి వెడల్పుగా ఉందని పెద్దదాని ఓటూ మీకే పడింది. చిన్నదాన్ని అడిగితే 'అమ్మ ఎటంటే అటు' అంది. ఈ ఇంట్లో బుద్ధిమంతురాలు అదొక్కతే.

కాస్త మిషను పెడతాను. చప్పుడుకి నా మాటలు వినపడకపోతే చెయ్యెత్తండి. ఆపను, మళ్ళీ చెప్తాను.

మరి నాకూ ఒక పద్ధతి ఉండాలి కదా? ఇంత చదివి బాల్కనీలు చూడనా? నేను పళ్ళు చూశాను. దవడ పళ్ళు అబద్ధం చెప్పవండీ. రోజూ ట్రాఫిక్కులో పళ్ళు నూరుకునేవాళ్ళ దవడలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. పన్ను మీది గుట్టలన్నీ పోయి బల్లలా చదునైపోతాయి. ఆ కొండవైపు నుంచి ఒక బ్యాంకు మేనేజరు వస్తాడు. 'రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతారాండీ' అంటే, 'లేదు డాక్టర్, రైల్వే గేటు దగ్గర మేలుకునే కొరుకుతాను' అన్నాడు. ఒక సంగీతం టీచరు వస్తుంది. పాపం, ఆ గేటు దగ్గర ఆవిడ పాట సాధన చేస్తుందట, పళ్ళు బిగబట్టి. ఆవిడ నోరు చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

అదే వంతెన అవతలి నుంచి? ఒక్కరు, ఒక్కరైనా అరిగిన పళ్ళతో ఈ కుర్చీలో కూర్చున్నారా? నేను ఈ క్లినిక్కు పెట్టిన దగ్గర్నుంచీ ఒక్కరు లేరు! ఇంకేం, తేల్చేశాను. అక్కడి జనం శాంతమూర్తులు, అక్కడి గాలి మంచిది, దారి మంచిది. పైగా మన డాబా ఎక్కితే ఆ పేట చెయ్యి చాస్తే అందేలా కనిపిస్తుంది. మీ స్నేహితుల ముందు నేనిది చెప్తే 'మా ఆవిడ పళ్ళు చూసి పేట ఎంచుతుంది' అని అందరితో కలిసి నవ్వారు. గుర్తుందా? నాకు బాగా గుర్తుంది.

నాలుక అటు పెట్టండి. అటు. మీ నాలుక కూడా మీ లాంటిదే, వద్దన్న చోటికే వస్తుంది.

సరే... ఇప్పుడొకటి చెప్తాను. మీరు ఏమీ అనలేరు కాబట్టే చెప్తున్నాను.

నిన్న పొద్దున్న మందుల షాపులో పనుందని వెళ్ళాను చూడండి, షాపూ లేదు, మందులూ లేవు. బస్సెక్కి వంతెన అవతలికి వెళ్ళాను. ఒక్కదాన్నే. మామూలు పని రోజున ఎలా ఉంటుందో చూద్దామని. మీ ఆదివారం లెక్కకి పోటీగా నా పని రోజు లెక్క తెచ్చి మీ మొహాన కొడదామని.

ఆ వంతెన ఉంది చూశారూ, అది ఒంటి వరస వంతెనండీ! అటువాళ్ళందరూ దాటితే గానీ ఇటువాళ్ళని వదలరు. డాబా మీంచీ, బ్రోకరు చూపించిన ఇంటి ఫోటోల్లోంచీ చూస్తే అదెలా తెలుస్తుంది? బస్సు వంతెన మొదట్లో ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆపి, సీటు కింద నుంచి పేపరు తీశాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడండీ! పదాల గళ్ళు కూడా నింపాడు. తెలియనివి వెనక సీట్లవాళ్ళని అడిగి మరీ నింపాడు. నేనూ రెండు చెప్పాను, ఏం చెయ్యను?

నా పక్కన ఒక పెద్దాయన. రిటైరైన పోస్టుమాస్టరట. పెన్షను పని మీద సిటీకి వచ్చి తిరిగి వెళ్తున్నాడు. బుగ్గ బంతిలా వాచిపోయింది. నా చెయ్యి ఊరుకుంటుందా? నోరు తెరవమన్నాను. బస్సులోనే, ఫోను లైటు వేసి. ఏం చెప్పమంటారు... పళ్ళు అరిగి అరిగి చిగుళ్ళ దాకా వచ్చేశాయి. సిటీకి వచ్చారు కదా, డాక్టరుకి చూపించుకోకపోయారా అంటే, 'పెన్షను ఆఫీసుకే పొద్దు సరిపోయిందమ్మా. మా పేటలో పన్ను నొప్పొస్తే అది ఊడేదాకా కూర్చోవడమే, ఈ వంతెన దాటి ఎవడొస్తాడు?' అన్నాడు.

అంతే. ముందు సీటావిడ ఇటు తిరిగి నోరు తెరిచింది. ఆ వెనకాయన తెరిచాడు. వంతెన మీద వరస కదిలేలోగా బస్సు సగం నోళ్ళు చూశాను, కండక్టరుతో సహా. అన్నీ బల్లలే! సంగీతం టీచరు వీళ్ళ ముందు అదృష్టవంతురాలు.

అర్థమైందా? వాళ్ళ పళ్ళు బాగుండి నా దగ్గరికి రాలేదనుకున్నాను. వాళ్ళు అసలు రాలేరు! నా కుర్చీలో ఎప్పుడూ కూర్చోని వాళ్ళ పళ్ళు చూసి నేను పేట ఎంచుకున్నాను. ఈ తెలివితక్కువ పని పళ్ళ డాక్టరు తప్ప ఇంకెవరు చెయ్యగలరు చెప్పండి?

దిగాక ఆ పేటంతా నడిచాను. మెడ పైకెత్తి బాల్కనీలు కూడా చూశాను, మీ అమ్మగారికి చెప్పకండి. అన్నీ పెద్ద చొక్కాలే. ఒక్క బుల్లి గౌను లేదు.

ఆ నవ్వు వద్దు. మీ మొహం సగమే నవ్వుతోంది, భయంగా ఉంది చూడ్డానికి. కళ్ళు మూసుకోండి, నీలం లైటు పెట్టి సిమెంటు గట్టిపరచాలి... ఆఁ. తెరవండి. నోరు కాదు, కళ్ళు. నోరు అలాగే ఉంచండి.

మరి ఇంత తెలిసీ రాత్రి ఎందుకు అరిచావే అంటారు. అంటారు కదా? వంతెన, వంతెన అని పట్టుబట్టి, మీరు ఒకటంటే నేను నాలుగన్నాను. తప్పు మనదని తెలిసినప్పుడే కదండీ గొంతు అంత లేస్తుంది. మీకు తెలియని విద్యా?

ఆ కొండవైపు ఇల్లు బాగుంది. నాకు మొదటి రోజే నచ్చింది. ఆ పార్కు, ఆ వెడల్పాటి వీధి, ఎదురుగా బడి. పెద్దది అప్పుడే పక్కింటి పిల్లతో జట్టు కట్టేసింది. వచ్చే నెల మీ ఆఫీసు కూడా ఆ పక్కకే మారుతోంది, ఇంక సాయంత్రం ఈల వేసుకుంటూ నడిచి ఇంటికొచ్చేస్తారు. మరి నేను? పిల్లలు లేవకముందే బయల్దేరి, వాళ్ళు ఆవులించే వేళకి వస్తాను. నా పళ్ళు అరిగిపోతాయి. అరగనివ్వండి, దానికి సొంత డాక్టరుంది. పళ్ళ సంగతి కాదండీ.

ఇప్పుడు వాళ్ళు బడి నుంచి రాగానే బయట బెంచీ మీద సంచులు పడేసి, నా చెయ్యి ఎవరి నోట్లో ఉన్నా సరే, ఆ తలుపు సందులోంచి 'అమ్మా!' అంటారు. ఎదురుగా పేషెంటు నోరు తెరుచుకునే నవ్వుతాడు. రోజంతా నేను ఎదురుచూసేది ఆ కేక కోసం. రాత్రి నేను కొట్లాడింది దాని కోసం. నాకు వంతెనెందుకు, నా మొహం!

పెద్దదాని పాలపళ్ళన్నీ నా అరచేతిలోనే ఊడాయి. ఊగుతోందని తెలియగానే మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు చిన్నదానికి కింద ముందు పన్ను ఊగుతోంది. మొదటిది. ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ ఇంటికి పోతే నేను రైల్వే గేటు దగ్గర ఉంటాను, దాని పన్ను ఊడుతుంది, మీరు ఫోటో తీసి పంపిస్తారు. ఊళ్ళో వాళ్ళందరి పళ్ళూ నా చేతుల్లో, నా పిల్ల పన్ను ఫోన్లో! ఇదండీ నా ఏడుపు. చెప్పేశాను. ఇంక ఏమైనా అనుకోండి.

పొద్దున్నే బ్రోకరుకి కూడా చెప్పేశాను. కొండవైపే అని. సాయంత్రం ఫోను మీకు ఊరికే మర్యాదకి చేస్తాడు. అలా కళ్ళు పెద్దవి చెయ్యకండి, ఇంకొకటి ఉంది. మీ పన్ను పని కూడా ఎప్పుడో అయిపోయింది. నీలం లైటు ఆర్పినప్పుడే. నోరు మూస్తే మధ్యలో మాట్లాడతారని చెప్పలేదు. పెళ్ళయ్యాక మీతో ఇంతసేపు ఏకధాటిగా మాట్లాడింది ఇవాళే.

మూసుకోండి. పుక్కిలించండి. అటు కాదు, ఇటు ఉమ్మండి.

ఏంటి? జేబులో ఏం వెతుకుతున్నారు? నిజంగానే ఫీజు ఇస్తారా ఏంటి? కాగితం మడత... ఏం చుట్టారు ఇందులో?

ఇది...

ఇది కింది ముందు పన్ను. పాలపన్ను. వేరంతా కరిగి దానంతటదే ఊడింది. ఎవరిదండీ ఇది?

ఎప్పుడు? నెమ్మదిగా చెప్పండి, సగం పెదవితోనే చెప్పండి, నాకు అర్థమవుతుంది. రాత్రా? మనం అరుచుకుంటున్నప్పుడా? నా దగ్గరికి ఎందుకు రాలేదు? వచ్చిందా? గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయిందా?

పొద్దున్న మీ చేతిలో పెట్టి 'అమ్మకి కోపం తగ్గాక ఇవ్వు' అందా...

వచ్చి కూర్చున్నప్పటి నుంచీ ఇదే చెప్పబోతున్నారా మీరు? నేనేమో నోట్లో దూది కుక్కి ఉపన్యాసం ఇచ్చాను.

పక్క గదిలోనే ఉన్నానండీ. మధ్యలో రైల్వే గేటు లేదు, వంతెన లేదు. ఒక్క గుమ్మం. ఆ తలుపు కూడా తెరిచే ఉంది.

ఉండండి, ఆ పక్క చొంగ కారుతోంది, మీకు తెలియట్లేదు. తుడుచుకోండి. పైకి వెళ్ళి చిన్నదాన్ని తీసుకురండి. ఏమీ చెప్పకండి, ఇప్పుడు మీ భాష దానికి అర్థం కాదు. చెయ్యి పట్టుకుని తీసుకొస్తే చాలు. పన్ను ఎలాగూ నా చేతిలో ఊడలేదు, ఆ సందైనా నేను చూడాలి.

ఆఁ, ఏడుస్తున్నాను. చూశారుగా? ఇక లేవండి, కుర్చీ ఖాళీ చెయ్యండి.