వెనక్కి చూడని జోడీ

గ్రోద్నో నగరంలో ఐస్ హాకీ స్టేడియం. చిన్నప్పట్నుంచీ జోడీగా ఆడిన ఇద్దరు డిఫెండర్లలో ఒకడు ఇవాళ ఆఖరి మ్యాచ్ కోసం స్కేట్లు బిగిస్తున్నాడు. మోకాలు దెబ్బతిని ఎప్పుడో ఆట మానేసిన రెండోవాడు ఉన్ని బూట్లలో పక్కన కూర్చున్నాడు.

"మోకాలెలా ఉందిరా?"

"మంచు పడుతుందంటే దానికే ముందు తెలుస్తుంది."

"గుర్తుందా? అపార్ట్‌మెంట్ వెనక బకెట్లతో నీళ్ళు పోసి, తెల్లారేసరికి గడ్డకడితే ఆడేవాళ్ళం."

"అప్పుడూ అంతే. గోల్ వదిలేసి నువ్వు ముందుకి ఉరికేవాడివి, కాపలాకి నేను. ఒక్కసారైనా వెనక్కి చూశావా?"

"ఎందుకు చూడాలి? నువ్వుంటావుగా."

"మరి ఇందాక ప్రాక్టీసులో పదేపదే చూశావేం?"

"అక్కడ ఇంకెవడో ఉన్నాడురా."

"ఏడిశావులే. ఇవాళ కూడా చూడకు, వెళ్ళు. మైదానం అంచున బెంచీ తలుపు దగ్గర నేనుంటా."