రాతి లామాకు స్నానం

జహీరాబాద్‌లో శరణమ్మ ఇల్లు. విత్తనాల సభకని పెరూ దేశం నుంచి వచ్చి, వాళ్లింట్లోనే దిగిన రుఫీనా తిరుగు ప్రయాణానికి బయట సామాను సర్దుకుంటోంది. లోపల పూజగదిలో తల్లీ, కూతురు శిల్పా.

"అమ్మా, ఆమె రాయి ఏది? కారొచ్చింది."

"ఇగో, లింగం పక్కనే. విభూతి పెట్టిన, పూలు పెట్టిన. ఎంత ముద్దుగున్నదో చూడు శిల్పా, గీ రాతి మేక."

"మేక కాదు, లామా. ఒంటె జాతిది, వాళ్ల కొండలల్ల మందలు మేపుతరు. ఇటియ్యి జర. అమ్మా, దీని వీపుల గుంత ఖాళీగున్నదేంది?"

"తోమిన."

"తోమినవా?"

"మరి? జిడ్డు, వాసన. కుంకుడురసం పోసి, పుల్లతోని గీకి గీకి తీసిన. దేవుడు గట్ల మురికిగుంటే చూడబుద్ధి గాలే."

"తీసిందంతా ఏం జేసినవ్?"

"మోరీల పోసిన. పాత నూనెకు ఏంది గంత..."

"నూనె కాదు."

"నువ్వే చెప్పినవ్ గద. దీపం నూనె గడ్డకట్టిందన్నవ్."

"అబద్ధం చెప్పిన."

"ఎందుకే?"

"నీ దేవుని పక్కన పెట్టుకుంటనని ఆమె ఆశపడ్డది. కొవ్వంటే నువ్వు పెట్టనిస్తవా? గుడ్డు గూడ గడప దాటని ఇల్లు."

"ఏం కొవ్వు?"

"అదే..."

"శిల్పా, ఏం కొవ్వే?"

"లామా కొవ్వు. వాళ్ల పాత దేవుళ్ల నాటి రాయమ్మా ఇది. మంద సల్లగుండాలెనని గుంతల కొవ్వు పెడ్తరు. అదే దానికి తిండి. గిందులది వాళ్లమ్మ పెట్టింది, పానం పొయ్యే ముందు, తన చేత్తోని."

"శివ శివా."

"నువ్వు ముట్టుకున్నవ్, నా వల్లనే..."

"నా సంగతి ఇడువు. వాళ్లమ్మ పెట్టింది మోరీల పోసిన్నా నేను?"

"తప్పు నాది. నా మొఖం ఆమెకెట్ల చూపియ్యాలె? గుడ్డల చుట్టి ఇచ్చేద్దాం. ఇంటికి పోయినంక చూసుకుంటది."

"నా మెడల లింగాన్ని ఎవరన్న పాడుజేసి, గుడ్డల చుట్టి నా చేతుల పెడ్తే నేనేమైత?"

"మరి ఏం చెప్పాలె?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను పక్కన నిలబడ్త."

"ఏడుస్తది."

"ఏడ్వనియ్యి. తిట్టనియ్యి. ఉత్త గుంతతోని మాత్రం పంపొద్దు."

"మన బర్రె నెయ్యి పెడ్దామా?"

"నెయ్యి దాని తిండా?"

"కాదు."

"అయితే ఆమెను అడుగు, మేక కొవ్వు పెట్టొచ్చా అని. పెట్టొచ్చంటే, బజార్ల కటికె దుకాణం ఏడుంటదో నాకు చూపియ్యి. నేనే పోయి తెస్త, నా చేత్తోనే పెడ్త."