ఆఖరి మనిషి వెనకాల

ఎండ మండిపోతున్న కొండదారి. యాభై కిలోమీటర్ల పరుగులో అందరికన్నా వెనకబడిన ఆమె. ఆ వెనకే దారి గుర్తులు విప్పుకుంటూ వస్తున్న ఆయన.

“అవి ఇప్పుడే విప్పెయ్యాలా అన్నయ్యా?”

“ఏవి, రిబ్బన్లా? నా పనే అది కదమ్మా. ఆఖరి మనిషి దాటగానే విప్పేసి సంచీలో వేసుకోవడం. ఆ ఆఖరి మనిషివి నువ్వే మరి.”

“కాసేపు ఉంచితే ఏం పోయింది?”

“ఎవరికోసం ఉంచను, మేకల కోసమా? కాళ్ళు ఆడించు చెల్లెమ్మా. ముందు లెక్క చూసే టెంటుంది, అది మూసేలోగా చేరకపోతే నీ చొక్కా మీది నంబరు కత్తిరించి, పరుగులోంచి తీసేసి జీపెక్కించేస్తారు.”

“చేరతాను. చేరి తీరాలి. మొదటిసారి పరిగెడుతున్నాను ఇంత దూరం. ఇంట్లో నవ్వారు, ఆఫీసులో నవ్వారు. జీపులో దిగితే ఇంక మొహం ఎక్కడ పెట్టుకోను?”

“మరయితే నీళ్ళు తాగు. ఆ రెండో సీసా నిండుగా ఉందిగా, దాస్తున్నావేం?”

“అది... తర్వాతకి.”

“ఈ ఎండలో తర్వాతేంటి! అవునూ, పొద్దున నీ పక్కన ఇంకో మనిషి ఉండాలే. నీలం టోపీ. తెగ జోకులేశాడు.”

“మా ఆయన.”

“ఓహో, మా బావగారా! ఏరీ?”

“ముందున్నారు.”

“పెళ్ళాన్ని ఎండలో వదిలేసి వెళ్ళిపోయారా? టెంటు దగ్గర దొరకనీ, చెప్తాను ఆయన సంగతి.”

“ఆయన్నేం అనకండి.”

“అబ్బో, వెనకేసుకొస్తోంది! మాటిమాటికీ ఆ వెనక్కి చూడ్డమేంటి? రాళ్ళున్నాయి, పడతావు.”

“అన్నయ్యా, పొద్దున మైకులో ఏదో చెప్పారు... దారిలో ఎవరికైనా బాగోకపోతే...”

“పక్కనున్నవాళ్ళు ఆగాలి. సాయం వచ్చేదాకా కదలకూడదు.”

“మరి వాళ్ళ పరుగు?”

“పోతుంది. మనిషికన్నా పరుగెక్కువా? ఏం, నీకేమైనా బాగోలేదా?”

“నాకేం, బాగానే ఉన్నాను. ఇందాక వాగు దగ్గర దారి రెండుగా చీలింది చూడండి. రిబ్బను లేకపోతే ఎటెళ్తారు ఎవరైనా?”

“ఎడమకే. అదే అసలు దారిలా కనిపిస్తుంది. తిన్నగా పాత క్వారీలోకి పోతుంది. నీడా ఉండదు, నీళ్ళూ ఉండవు. అందుకే అక్కడ నాలుగైదు కలిపి కట్టాం. విప్పేసరికి గోళ్ళు అరిగాయనుకో. అదేంటి, ఆగిపోయావు?”

“అవి కూడా విప్పేశారా?”

“విప్పకుండా? ఉండు, వాకీటాకీ... హలో! ఆ, ఆమె నా ముందే ఉంది, వచ్చేస్తున్నాం... ఏంటీ? మళ్ళీ చెప్పు... నీలం టోపీయా? రాలేదా? సరిగ్గా చూశారా?... చెల్లెమ్మా. మీ ఆయన టెంటుకి చేరలేదంట.”

“జనంలో కనబడి ఉండరు.”

“ముందున్నారన్నావు.”

“వచ్చేస్తారు.”

“ఎటునుంచి వచ్చేస్తారు? నా వైపు చూసి చెప్పు.”

“వాగుకి అవతల... పెద్ద బండ ఉంది కదా. దాని వెనకాల, నీడలో. వాంతులయ్యాయి. కాసేపు కూర్చుని వస్తానన్నారు.”

“అంటే ఆయన్ని దాటుకుని వచ్చేశానా నేను? కలవగానే అడిగాను కదమ్మా, వెనక ఎవరైనా ఉన్నారా అని! లేరన్నావు!”

“చెప్పొద్దన్నారు. చెప్తే నంబరు కత్తిరిస్తారని...”

“ఆ సీసా?”

“ఆయనదే. పట్టుకోమంటే పట్టుకున్నాను. అలాగే వచ్చేశాను. నాకు భయమేస్తోందన్నయ్యా.”

“ఓరి దేవుడా! హలో, హలో! డాక్టర్ని వాగు దగ్గరికి పంపండి. జీపుని క్వారీకి తోలండి, వెంటనే!... నువ్వెళ్ళు చెల్లెమ్మా. ఆ మలుపు దాటితే టెంటే, ఇంకా మూయలేదు. నేను వెనక్కి పోతాను.”

“ఆ సంచీ ఇటివ్వండి.”

“నీ పరుగు పోతుంది.”

“పోనీ! ఇవ్వండన్నయ్యా. నేను కట్టుకుంటూ వస్తాను, మీరు కేకేసుకుంటూ పదండి.”

“పద, పద. ఏం మొండి మనిషమ్మా మీ ఆయన! పతకం కోసం ప్రాణమ్మీదికి తెచ్చుకుంటారా ఎవరైనా? కనబడనీ, బావగారని కూడా చూడను...”

“ఆయన్నేం అనకండి.”

“ఇంకా వెనకేసుకొస్తావేంటి!”

“చెప్పొద్దనలేదన్నయ్యా. వెనకాల వచ్చేవాళ్ళకి చెప్పమనే అన్నారు.”